కండువా మార్చనోళ్ల అర్జీ

భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షుల వారి సముఖమునకు, ముంబై.

అయ్యా,

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల క్రికెట్ పిచ్చోళ్లం రాసుకుంటున్న అర్జీ ఇది. విషయం: 2023 నవంబరు 19 ఆదివారం అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌ల జరిగిన నష్టం. ఇంత ఆలస్యమెందుకైందని అడగొద్దు. పంట నష్టం అర్జీలే ఏండ్లకేండ్లు తిరుగుతుంటయి, ఇది గుండె నష్టం.

ఆ రోజుల్ల మా ఊళ్లు ఎట్లున్నయో తమరు ముందు తెలుసుకోవాలె. నవంబరు 30న అసెంబ్లీ పోలింగ్. పొద్దున ఒక కండువాతో కనబడ్డాయన రాత్రికి ఇంకో కండువాతో కనబడుతుండె. "ఏందన్నా ఇది?" అంటే "నియోజకవర్గ అభివృద్ధి కోసం తమ్మీ" అంటుండె. అన్ని పార్టీలోళ్లు ఒక్క టీవీ ముందు, ఒక్కటే రంగు మీద ఆశపెట్టుకొని కూసున్నది ఆ ఆదివారం పూటనే.

వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన జట్టు. రోహిత్ 31 బంతుల్ల 47 కొట్టిపోయిండు. మొదటి పది ఓవర్లు దాటినంక, మిగిలిన నలభై ఓవర్లల్ల మనకు దక్కినవి నాలుగే బౌండరీలు. రాహుల్ 66 చేసేందుకు 107 బంతులు పట్టినయి. 240కి ఆలౌట్. పొడి నేల, పొద్దుగూకితే మంచు. అది పసిగట్టే ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ టాస్ గెలిచి మనలను ముందు బ్యాటింగ్‌కు దింపిండు. నేల పదును చూసే పనికి మా వనపర్తి వేరుశనగ రైతును ఒక్కరిని పిలిపించుకుంటే, పిడికెడు మట్టి పిసికి చెప్పేటోడు. తమరు పిలువలే.

47కే వాళ్లవి మూడు వికెట్లు పడ్డప్పుడు పటాకులు బయటికి తీసినం. హెడ్, లబుషేన్ కలిసి 192 జోడించేసరికి మళ్ల లోపల పెట్టినం.

అసలు సంగతి ఇప్పుడు. 43వ ఓవర్ నడుస్తున్నది, వాళ్లకు కావాల్సినవి రెండే పరుగులు. మన హైదరాబాద్ సిరాజ్ బంతికి 137 మీదున్న హెడ్ గిల్ చేతికి చిక్కిండు. ఆ వికెట్‌తోని ఏం లాభం? ఏమీ లేదు. అయినా చప్పట్లు కొట్టినం. తర్వాతి బంతికే మ్యాక్స్‌వెల్ రెండు తీసి ఆట ముగించిండు. ఈ చప్పట్లను తమరి లెక్కల పుస్తకంల ఏ పద్దు కింద రాసుకుంటరో మాకు తెలవాలె. ప్రసార హక్కుల కిందనైతే రావు.

మాలో కొందరు ఆ రాత్రే "ఇగ జన్మల క్రికెట్ చూడ"మని ఒట్టు పెట్టుకున్నరు. రాజీనామా ఇద్దామంటే ఎవరికియ్యాలె? సభ్యత్వ రసీదే లేకపాయె. పోనీ, ఆ పసుపు జెర్సీ వేసుకుందామంటే చేతులు రాలే. (ఐపీఎల్‌ల చెన్నై పసుపు వేసుకొని ఎగిరేటోళ్లకు గూడ ఆ రోజు రాలే, అది వేరే ముచ్చట.) ఆ ఒట్టు పెట్టినోళ్లే 2024 జూన్ 29న బార్బడోస్‌ల టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌ల మనం దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగులతో గెలిచిన అర్ధరాత్రి అందరికన్న ముందు రోడ్డెక్కిన్రు. వాళ్లను మేం ఏమీ అనలే. మీరు గూడ అనొద్దు.

పరిహారం అడుగుతలేం. ఒక్కటే మనవి. 2027 ప్రపంచ కప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్ల అక్టోబరు, నవంబరు నెలల్ల జరుగుతుందంటున్నరు. అది మాకు యాసంగి వేరుశనగ విత్తే కాలం. మన మ్యాచ్‌ల తేదీలు కొంచెం ముందుగ పంపితే, కూలీలకు ఏ రోజు రమ్మనాలె, ఏ రోజు వద్దనాలె అన్నది ఇప్పటినుంచే చూసుకుంటం. ఫైనల్ తేదీ గూడ రాయండి. మనం ఆడతమో లేదో తమరి చేతులది, ఆ రోజు మాత్రం విత్తనం పెట్టం.

ఇట్లు,
మూడు జిల్లాల విధేయులు