గోడకు కట్టేసిన ల్యాప్‌టాప్

పదకొండు నిమిషాలు. వైరు పీకితే నా ల్యాప్‌టాప్ బతికేది అంతసేపే. పోనీ చెప్పి పోతుందా అంటే అదీ లేదు. నూటికి నూరు అంటుంది, తొంభై ఆరు అంటుంది, ఎనభై తొమ్మిది దగ్గర ఉండంగానే గుడ్లు తేలేస్తుంది. పోయే క్షణం దాకా మూలన ‘ఇంకా 2 గంటల 14 నిమిషాలు’ అని రాసే ఉంటుంది. తిరుమల కొండమీద కంపార్ట్‌మెంటులో కూర్చున్నవాడికి నిమిషం గంటవుతుంది. నా ల్యాప్‌టాప్‌కి గంట నిమిషమవుతుంది.

ఇన్నాళ్ళూ అది తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో, స్విచ్‌బోర్డు కింద, గుంజకు కట్టేసిన బర్రె మాదిరి పడి ఉండేది. తాడు ఎంత పొడుగో మేత అంత మేర. ఆమధ్య ఊరిబిండి రుబ్బాలని మా ఆవిడ నా వైరు పీకి మిక్సీ పెట్టింది. నేను చూసుకునే లోపల పదకొండు నిమిషాలు అయిపోయినాయి. రెండు పేజీల వ్యాసం శెనగ్గింజలతో పాటు నలిగిపోయింది. అడిగితే, “మళ్ళీ రాస్తే ఇంకా బాగొస్తాది లెండి” అనింది. ఊరిబిండి మాత్రం బాగానే కుదిరింది.

కడుపుమంట ఎక్కడంటే, నేను ఉండేది బ్యాటరీల ఊర్లో. ఇక్కడినుంచి ఆటో ఎక్కితే కరకంబాడి. 1985లో మొదలైన అమరరాజా వాళ్ళ బ్యాటరీలు అక్కడినుంచే లారీలకెక్కి దేశమంతా పోతాయి. మా వీధిలో పెండ్లి సంబంధం చూస్తే మూడింట ఒకటి ‘పిల్లోడు బ్యాటరీ ఫ్యాక్టరీలో’. సరే, అవి కార్లకీ ఇన్వర్టర్లకీ వేసే సీసపు బ్యాటరీలు, నా దానికి పనికిరావు అనుకుందాం. లిథియం సెల్లులు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఇక్కడే వెలిసింది. 2022 సెప్టెంబరులో కేంద్రమంత్రి వచ్చి, దేశంలో ఇదే మొదటిదని చెప్పి, ప్రయోగాత్మక ఉత్పత్తిని ప్రారంభించి పోయినాడు. ఇన్ని ఉండీ నా ల్యాప్‌టాప్‌కి పట్టే బ్యాటరీ ఊర్లో దొరకదు. ఏరు పక్కన కాపురముండి ట్యాంకరు కోసం బిందె పట్టుకోని నిలబడినట్టుంది నా బతుకు.

సలహాలకు మాత్రం కరువు లేదు. బెంగళూరులో ఉండే మా అబ్బోడు, “ఎనిమిదేండ్ల ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ ఏంది నాన్నా, కూలే గోడకి సున్నం కొట్టినట్టు” అని, రోజుకొకటి చొప్పున యాభై ఎనిమిది వేల రూపాయల కొత్త ల్యాప్‌టాప్‌ల బొమ్మలు ఫోనుకు పంపిస్తున్నాడు. వాడి స్నేహితుడు ‘లైనక్స్ వేసుకోండి అంకుల్’ అన్నాడు. అది మూలికా వైద్యం మాదిరి ఉంది. వాడినవాళ్ళంతా దివ్యంగా ఉందంటారు, వాడినవాడు మాత్రం మన వీధిలో ఒక్కడూ కనపడడు. ఎదురింటి రిటైర్డు ఆర్టీసీ గుమాస్తా ‘ఎక్స్‌ఛేంజి’ అన్నాడు. పోయినాను. షోరూములో టై కట్టుకున్న పిల్లోడు దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకను ఎత్తినట్టు ఎత్తి, “రెండు వేల రెండు వందలు సార్” అన్నాడు. “బ్యాగు కూడా ఇస్తాను” అన్నాను. “బ్యాగు వద్దు సార్” అన్నాడు. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో అంత అసహ్యమూ ఉంది. మా ఆవిడ సలహా అన్నిటికంటే చవక: “పనిచేస్తానే ఉండాది కదా. గోడ పక్కనే కూర్చోండి. అయినా యాడికి పోతారు మీరు?”

దీనికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో నీళ్ళు వదిలేసినారు. పదకొండుకు పోదామంటే నా ప్రాసెసర్‌ది ఏడో తరం. వాళ్ళు ఎనిమిదో తరం నుంచే రానిస్తారంట. మన పెద్దలు పిల్లనిచ్చేదానికి కూడా ఏడు తరాలు చూస్తే చాలన్నారు. కాబట్టి బ్యాటరీ వేస్తే ప్రాణం వస్తుందిగానీ కాలం కలిసిరాదు. కొత్తది కొంటే కాలం కలిసొస్తుందిగానీ నా ప్రాణం పోతుంది.

మా అబ్బోడు ఫోనులో చెప్పిన మంత్రాన్ని నల్ల కిటికీలో కొడితే బ్యాటరీ రిపోర్టు అని ఒకటొచ్చింది. పుట్టినప్పుడు దాని శక్తి 41,000, ఇప్పుడు 22,000. ఏ వారం ఎంత దిగిందో తేదీలతో సహా రాసుకోనుంది. ఆ 22,000 కూడా దాని నమ్మకమే, నిజం పదకొండు నిమిషాలే. ఈ లిథియం బ్యాటరీని కనిపెట్టినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చినారు. అందులో జాన్ గుడ్‌ఇనఫ్‌కి అప్పటికి 97 ఏండ్లు. ఆ ఇంటిపేరుకు మన భాషలో అర్థం ‘ఇంతుంటే చాల్లే’. అంత మంచి ఇంటిపేరున్న మనిషి చేసిన వస్తువు ఎనిమిదేండ్లకే చాలదనిపించుకుంది.

ఇవన్నీ ఇట్లుండగానే టచ్‌ప్యాడ్ మధ్యలో చిన్న గుట్ట లేచింది. మూత పడటం మానేసింది. నేను కంగారు పడలేదు. మా జిల్లావాళ్ళకి పెరిగే వస్తువులంటే భయం లేదు, భక్తి. కాణిపాకం వినాయకుడు ఇప్పటికీ పెరుగుతానే ఉన్నాడని, యాభై ఏండ్లనాటి వెండి కవచం ఇప్పుడు పట్టదని చిన్నప్పటినుంచీ వింటున్నాం. (2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది, కాణిపాకం చిత్తూరుకు పోయింది. భూములు పంచుకున్నాంగానీ దేవుళ్ళను పంచుకోలేదు.) అందుకని ఆ గుట్టను రెండు దినాలు వేలితో నిమిరి చూసుకున్నాను.

మూడో దినం గాంధీరోడ్డు పక్క సందులో ఒక రిపేరు కొట్టుకు తీసుకుపోయినాను. ఇరవై రెండేండ్ల పిల్లోడు. స్క్రూలు విప్పి, అడుగు రేకు తీసి, రెండడుగులు ఎనక్కి జరిగినాడు. లోపల బ్యాటరీ బాండలీలో పూరి మాదిరి ఉబ్బి ఉంది.

“ఇన్ని దినాలూ దీన్ని ఒళ్ళో పెట్టుకున్యారా సార్?”

పామునేమో ఒళ్ళో పెట్టుకున్నట్టు అడిగినాడు. తర్వాత పాఠం చెప్పినాడు. లోపలుండే ద్రవం పాతబడి గ్యాసు పుడతుందంట, మూసిన సంచి కాబట్టి పోయే దారి లేక ఉబ్బుతుందంట, రవ్వంత గుచ్చుకున్నా అంటుకుంటుందంట. స్వామి పెరిగితే మహిమ, బ్యాటరీ పెరిగితే మంట. “ఎప్పుడూ ప్లగ్గులోనే పెడతారా?” అన్నాడు. అవును, కడుపునిండా ఉండాలని, అన్నాను. “అదే సార్ తప్పు.” ఎప్పుడూ నూటికి నూరు నింపి, వేడిలో ఉంచితే తొందరగా చెడిపోతుందంట. అంటే నేను దాన్ని మేపి మేపి చంపినాను.

ఒరిజినల్ 4,800, కంపాటిబుల్ 1,900, రెండూ తెప్పించాల్సిందే అన్నాడు. “ఒరిజినలేనని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” అన్నాను. మా పక్క ఈ మాట ఉత్త మాట కాదు. అప్పులెగ్గొట్టినోళ్ళు, గట్టు జరిపినోళ్ళు, ఆ గుడి మెట్ల దాకా పోయి ఒప్పేసుకుంటారు. పిల్లోడు ఒక నిమిషం ఆలోచించి, “ఒరిజినల్‌కైతే చేయలేను సార్. కంపాటిబుల్‌కైతే ఇప్పుడే చేస్తా” అన్నాడు. ఈ మధ్య కాలంలో ఇంత నిజాయితీ నేను వినలేదు.

“ఏదేసినా సరే, ఎండ మాత్రం తగలనీయొద్దు సార్” అన్నాడు చివర్లో.

ఎండ తగలనీయొద్దా! నేను పుట్టి పెరిగింది బ్యాటరీలను ఎండబెట్టే ఇంట్లో. పాకాల పక్కన మా ఊర్లో, మిద్దెమీద, అవ్వ వడియాలు ఒకపక్క, మా నాయన సెల్లులు ఒకపక్క. కాకులు వడియాలకే వచ్చేవి, సెల్లుల జోలికి పోయేవి కాదు. అయినా అవ్వ కట్టె పట్టుకోని రెండిటికీ కాపలా కాసేది. అల్లాటప్పాగా ఎండబెడితే మా నాయన ఒప్పుకోడు. పదింటికి పెట్టాలి. పన్నెండుకు దొర్లించాలి, అప్పడం తిప్పినట్టు. రెండున్నరకు తీసి, చల్లారనీయకుండా వేసేయాలి. వేసేటప్పుడు ముందుది ఎనక్కి, ఎనకది ముందుకు. ఎందుకు అంటే, “ముందు నిలబడినోడు అలిసిపోయుంటాడు” అనేవాడు. నేను సైన్సు చదువుకునే దినాల్లో, జరిగిపోయిన రసాయన చర్య ఎండకు ఎనక్కి రాదు నాయనా, వేడికి రవ్వంత చురుకు పుడతుంది, ఊరికే పడున్నందుకు రవ్వంత తెప్పరిల్లుతుంది, అంతే, అని చెప్పినాను. “నువ్వూ అంతే కదరా, మధ్యాన్నం పండుకోని లేస్తే రెండు లెక్కలు జాస్తి చేస్తావు” అన్నాడు. దానికి నా పుస్తకంలో జవాబు లేదు.

సెల్లుకు మా ఇంట్లో ఒక ఉద్యోగక్రమం ఉండేది. కొత్తది టార్చిలో చేరేది, ఎందుకంటే రాత్రిపూట మోటారు కాడికి పోవాలి, పాములుంటాయి. వెలుగు పసుపు తిరిగినాక రేడియోకు బదిలీ. టార్చికి చాలని సెల్లు రేడియోకు చాలుతుంది, అది తినేది తక్కువ. కడప స్టేషన్ గొంతు బావిలోనుంచి వచ్చినట్టు వినపడితే మిద్దెమీదకు. రెండు మూడు ఎండలు తిన్నాక, దాన్ని చెవి దగ్గర పెట్టుకోని ఊపి, గోటితో తట్టి, పెదవి విరిచి మాకిచ్చేవాడు. మేము దాన్ని రాయితో పగలగొట్టి లోపలి నల్లకడ్డీతో వాకిలి బండలమీద తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసేవాళ్ళం. పైనుండే ఇత్తడి టోపీ మా చెల్లెలి బొమ్మకు కిరీటం. ఇంతా అయినాక అవ్వ ఆ నల్లపొడి తొక్కి ఇల్లంతా అడుగులు పెట్టినామని మమ్మల్ని కట్టెతో తరుముకునేది. అట్లా ఒక సెల్లు మా ఇంట్లో నలుగురు మనుషుల చేత పని చేయించి పోయేది. ఇప్పటి కంపెనీలు దీనికేదో పేరు పెట్టి, కొండంత పుస్తకం వేసి, పర్యావరణం అంటున్నాయి. మా నాయన పిసినారితనం అనిపించుకున్నాడు, పాపం.

చివరి ఏడాది ఆయన టార్చి పట్టుకోని పోయేదానికి మోటారూ లేదు, ఓపికా లేదు. రేడియో ఒకటే. నేను ఊరికి పోయినప్పుడల్లా, “వచ్చేటప్పుడు నాలుగు సెల్లులు తీసకరా నాయనా” అనేవాడు. నేను, “ఇంకా ఆ పాత డబ్బా ఏంది, కొత్తది తెస్తాలే, పాటలన్నీ లోపలే ఉంటాయి” అనేవాణ్ణి. ఉగాది పోయింది, వినాయక చవితి పోయింది. కొత్తదీ తేలేదు, సెల్లులూ తేలేదు. కర్మంతరం అయినాక ఆ రేడియో ఎనక మూత తీస్తే, నాలుగు సెల్లులూ కారి తెల్లగా ఉప్పు పట్టున్నాయి. పక్కన మడిచి పెట్టిన చిన్న కాగితం. సెల్లులు మార్చినప్పుడల్లా తేదీ రాసుకున్నాడు, బాల్‌పెన్నుతో, ఒకదాని కింద ఒకటి. ఆఖరు తేదీ ఆయన పోయేదానికి పదమూడు నెలల ముందుది.

సోమవారం పోయి కంపాటిబుల్‌కు అడ్వాన్సు ఇచ్చినాను. ‘వారం’ అన్నది పన్నెండు దినాలైంది. ఆ పన్నెండు దినాలూ బ్యాటరీ లేకుండానే గోడ పక్కన రాసుకున్నాను. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో నాలుగు సార్లు పోయింది, లేచింది. మా అబ్బోడు ఇంకా బొమ్మలు పంపిస్తానే ఉన్నాడు. ఇప్పుడవి అరవై రెండు వేలకు చేరినాయి.

నిన్న పిల్లోడు బ్యాటరీ బిగించి, అడుగున చిన్న తెల్ల స్టిక్కరు అంటించి, వారంటీ కోసమని తేదీ వేయబోయినాడు.

“పెన్ను ఇట్లా ఇయ్యి, నేను రాస్తా” అన్నాను.

“కస్టమరు రాస్తే వారంటీ చెల్లదు సార్” అన్నాడు.