నా చిరునామా నిన్నటిది

నన్ను చేసింది తూటాల కోసం. ఒంటినిండా ఆకుపచ్చ రంగు, ఒక పక్కన గొళ్ళెం, మూత లోపలి అంచున రబ్బరు పట్టీ. గొళ్ళెం బిగిస్తే చుక్క నీరు లోపలికి దిగదు. నేను మోసిన తూటాలు ఏమయ్యాయో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నాకు ఊహ తెలిసింది మెల్‌బోర్న్‌లో, సైన్యం వదిలించుకున్న సామాను అమ్మే ఒక కొట్లో. గుడారాలకీ బూట్లకీ మధ్య దుమ్ము పట్టి కూర్చున్న నన్ను ఒకాయన బేరమాడి కొన్నాడు.

ఇంటికి తీసుకెళ్ళగానే నా మీదున్న సైనిక అక్షరాల మీద రంగు పూశాడు. పొదలో తూటాల పెట్టె కనబడితే చూసినవాళ్ళు పోలీసులకు ఫోను చేస్తారు, పోలీసులు బాంబు నిపుణుల్ని పిలిపిస్తారు. ఆ నిపుణులు అనుమానం ఉన్నదాన్ని ముందు పేల్చేసి తర్వాత ఆలోచిస్తారు. నా జాతివాళ్ళు కొందరు అలాగే పోయారు. అందుకే 'ఇది ఆట పెట్టె, భయపడకండి' అని నా నుదుటన చీటీ అంటించాడు. లోపల ఒక నోటు పుస్తకం, పెన్సిలు, బొమ్మ కంగారూ, రెండు కీచైన్లు పెట్టాడు. అలా ఉద్యోగం మారి నేను జియోక్యాష్‌ని, అంటే జీపీఎస్ నంబర్లను బట్టి జనం వెతుక్కునే ఆట పెట్టెని అయ్యాను.

ఈ ఆట వయసు పాతికేళ్ళు దాటింది. అంతకు ముందు అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలను మామూలు జనానికి కావాలనే మసకబరిచి ఇచ్చేది. చేతిలో యంత్రమున్నా నిలబడిన చోటు వంద మీటర్ల తేడాతో చూపించేది. 2000 మే నెల మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ మసక తొలగింది. ఒక్క రాత్రిలో తేడా పది, ఇరవై మీటర్లకు తగ్గింది. అది నిజమో కాదో తేల్చుకుందామని మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేశాడు. కొద్ది రోజుల్లోనే దాన్ని కనిపెట్టేశారు. అందులో పుస్తకాలు, వీడియో క్యాసెట్లు, కొంత డబ్బు, చిక్కుడు గింజల డబ్బా ఒకటి ఉండేవి. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి అన్నది నియమం. ఆ గింజల డబ్బా కొన్నేళ్ళకు అక్కడే దొరికి, ఆటగాళ్ళ చేతుల మీదుగా ఊరేగింది. మా వంశంలో తొలి సంచారి అదే.

మామూలు జియోక్యాష్ ఉన్న చోటే ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి వస్తారు. నా సంగతి వేరు. నా మూత లోపల యజమాని ఇలా రాశాడు: "నేను దొరికితే నన్ను తీసుకెళ్ళు. ఇంకో మంచి చోట దాచు. ఆ చోటు నంబర్లు అందరికీ చెప్పు." అంటే వెతికినవాడే దాచేవాడవుతాడు. జియోక్యాషింగ్ ఆస్ట్రేలియా జాబితాలో నాలాంటివాళ్ళకు 'మూవబుల్' అని ప్రత్యేకమైన వర్గమే ఉంది.

సియాటిల్‌లో ఉండి ఈ ఆటను ప్రపంచమంతటా నడిపించే పెద్ద సంస్థ మాత్రం కొత్తగా మాలాంటివాళ్ళను చేర్చుకోవడం ఎప్పుడో మానేసింది. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. పెట్టె పెట్టాలంటే ఆ స్థలం సొంతదారు ఒప్పుకోవాలి. ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. ఇవన్నీ ఒక స్వచ్ఛంద కార్యకర్త సరిచూశాకే జాబితాలోకి ఎక్కిస్తారు. వారానికో చోటుకి మారే నన్ను ఎవరు, ఎన్నిసార్లు సరిచూస్తారు? నాకు ఇందులో అన్యాయమేమీ కనబడలేదు. ఎందుకో నా ప్రయాణం వింటే మీకే తెలుస్తుంది.

మొదటి మజిలీ మెల్‌బోర్న్ తూర్పున డాండెనాంగ్ కొండల్లోని షెర్‌బ్రూక్ అడవి. అక్కడి మౌంటెన్ యాష్ వృక్షాలు పూచే మొక్కల్లోకెల్లా ఎత్తయిన జాతుల్లో ఒకటి. లైర్‌బర్డ్ అనే పిట్ట మిగతా పిట్టలన్నిటి గొంతుల్నీ అనుకరిస్తూ నా చుట్టూ తిరిగేది. చోటు బాగుంది కానీ, అంత దట్టమైన ఆకుల కింద ఉపగ్రహ సంకేతం చెదిరిపోతుంది. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు యంత్రం చూపించిన చోట ఫెర్న్ మొక్కల్ని కలియదిప్పి, నేను నాలుగడుగుల్లో ఉండగానే నీరసపడి వెళ్ళిపోయేవాళ్ళు. అక్షాంశ కొలతలో ఒక నిమిషంలో వెయ్యో వంతు అంటే రెండు మీటర్ల లోపే. కాగితం మీద అంత కచ్చితం, అడవిలో మాత్రం పది మీటర్ల అటూ ఇటూ.

యంత్రం తప్పు పది మీటర్లయితే మనిషి తప్పుకు హద్దే లేదు. ఒకాయన నన్ను దాచి, అక్షాంశంలో 50 నిమిషాలని రాయాల్సిన చోట 05 అని రాసి ఇంటికెళ్ళాడు. నలభై అయిదు నిమిషాల అక్షాంశం అంటే 83 కిలోమీటర్లు. జనం ఎవరిదో గొర్రెల మేత బీడులో నా కోసం వెతుకుతుంటే, నేను ఇక్కడ వాననీళ్ళు కారే కాలువ పక్కన ఒంటరిగా కూర్చున్నాను. ఇంకొకాయన అయితే ఎక్కడా దాచలేదు. 'మంచి చోటు చూసి పెడతాను' అంటూ తన గ్యారేజీలో పాత టైర్ల మీద నన్ను నెలల తరబడి ఉంచేశాడు. జాబితాలో నా పేరు పక్కన 'ఫలానావారి చేతిలో ఉంది' అని కనబడుతూనే ఉంది. కదిలే పెట్టెలు చాలావరకు చచ్చేది ఇలాగే. వరదలో కాదు, మంటల్లో కాదు, మంచివాళ్ళ గ్యారేజీల్లో.

చివరికి ఆయన భార్య నన్ను బయటికి లాగి, పడమరకు కారులో వెళ్తున్న ఒక వృద్ధ దంపతుల చేతికిచ్చింది. వాళ్ళతో నలార్బర్ మైదానం దాటాను. మైలు తర్వాత మైలు సున్నపురాయి నేల. ఒక చోట రోడ్డు 146 కిలోమీటర్లకు పైగా ఒక్క వంకర లేకుండా సాగుతుంది. చెట్టే లేనప్పుడు పెట్టెను ఎక్కడ దాస్తారు? రాళ్ళ కింద. అందుకని అక్కడ రాళ్ళు కాస్త పొందికగా పేర్చి ఉంటే చాలు, ఆటగాళ్ళు బండి ఆపేస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర పంటల తెగుళ్ళు రాకుండా తనిఖీ ఉంటుంది. పళ్ళు, కూరగాయలు, తేనె ఏవీ దాటనివ్వరు. అధికారిణి నన్ను తెరిచి, ప్రతి బొమ్మనూ తిప్పి చూసి, అడుగున అంటిన మట్టిని తుడిపించి, పుస్తకంలో తన పేరు కూడా రాసి మరీ పంపించింది. పెట్టెల్లో తిండి పెట్టకూడదన్న నియమం విలువ అక్కడ తెలిసింది. ఎవరో చాక్లెట్టు వదిలి ఉంటే, చీమలతో పాటు నన్నూ అక్కడే ఆపేసేవాళ్ళు.

దాటగానే యూక్లా. 1877లో కట్టిన టెలిగ్రాఫ్ ఆఫీసు గోడలు ఇసుక దిబ్బల్లో సగం కూరుకుపోయి ఉన్నాయి. దిబ్బల మీది మొక్కల్ని కుందేళ్ళు మేసేయడంతో ఇసుక కదిలి ఊరి మీద పడింది. ఆ శిథిలాల జోలికి వెళ్ళకుండా, దూరంగా రోడ్డు వారన నన్ను ఉంచారు. ఆ దంపతుల మర్యాద నాకు నచ్చింది.

అక్కణ్ణుంచి కాల్గూర్లీ బంగారు గనుల ఊరు, ఆపైన పెర్త్. అంతలో కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం తలుపులు వేసేసుకుంది. పూర్తిగా తెరిచింది 2022 మార్చిలో. కదలడమే వృత్తి అయిన నేను దాదాపు రెండేళ్ళు ఒకే రాష్ట్రంలో తిరుగుతూ ఉండిపోయాను. ఆ రోజుల్లో నా పుస్తకంలో రాతలు పొడవయ్యాయి. 'దొరికింది, థాంక్స్' అని రెండు మాటలు గీకేవాళ్ళు కూడా పేజీ నింపేవాళ్ళు. ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరిని చూడలేకపోతున్నారో అన్నీ రాసేవాళ్ళు.

సరిహద్దు తెరిచాక ఒక లారీ డ్రైవరు నన్ను మెల్‌బోర్న్‌కు చేర్చాడు. అక్కడ పడమటి శివార్లలో ఉండే ఒక తెలుగు కుటుంబానికి దొరికాను. పదేళ్ళ పాప మూత తీస్తూ, "నాన్నా, లంకెబిందెలు!" అని అరిచింది. "ఏమండీ, బంగారముంటే నాకు, బొమ్మలుంటే దానికి" అంది వాళ్ళమ్మ. బొమ్మలే ఉన్నాయి. పాప ప్లాస్టిక్ ప్లాటిపస్‌ని తీసుకుని, అమ్మమ్మ పంపిన ఏటికొప్పాక లక్క బొంగరాన్ని లోపల పెట్టింది. మరుసటి ఆదివారం యూయాంగ్స్ గుట్టలకు తీసుకెళ్ళారు. ఆ గ్రానైట్ బండల్ని చూడగానే వాళ్ళ నాన్న, "అచ్చం మన హైదరాబాద్ గుట్టలేనమ్మా" అన్నాడు. 1802లో మాథ్యూ ఫ్లిండర్స్ ఎక్కిన శిఖరం అక్కడే ఉంది. ఏ బండ సందు చూసినా పాప తల అడ్డంగా ఊపింది. "అక్కడైతే బల్లులుంటాయి నాన్నా, వాటి ఇల్లు పాడైపోతుంది." చివరికి ఏ జీవికీ అడ్డు కాని చోట పెట్టించి, యంత్రంలోని నంబర్లు తను చదువుతుంటే నాన్న రాశాడు, తర్వాత నాన్న చదివితే తను సరిచూసింది. ఇల్లు చేరకముందే, కారులో కూర్చునే జాబితాలో ఎక్కించారు.

సియాటిల్ సంస్థ భయం సరైనదే: నన్ను ఎవరూ పర్యవేక్షించలేరు. కానీ ఆ పాప చేసిన పనిని మించిన పర్యవేక్షణ కూడా లేదు. ఉన్నచోట ఉండే పెట్టె ఒక్క యజమాని బాధ్యత మీద బతుకుతుంది. నేను ముందువాడు సరిగా రాసిన నంబర్ల మీద, తర్వాతివాడు నిలబెట్టుకునే మాట మీద బతుకుతాను. గొలుసులో ఒక్కడు బద్ధకించినా నా కథ అక్కడితో సరి.

కాబట్టి అయ్యా, అమ్మా, ఏదో ఒక రోజు నేను మీ చేతికి దొరకవచ్చు. పుస్తకంలో పేరు రాయండి. బొంగరం తీసుకుంటే దానికి తగినదే పెట్టండి. తిండి పెట్టకండి. గొయ్యి తవ్వి పాతకండి. స్థలం ఎవరిదో కనుక్కుని, అడిగి పెట్టండి. గొళ్ళెం బిగిసిందో లేదో రెండోసారి చూడండి. నంబర్లు ఇంకొకరి చేత చదివించి, ఆ రాత్రే అందరికీ చెప్పండి. గ్యారేజీలో మాత్రం పెట్టకండి.