మండూక విజయము: టీకా తాత్పర్య సహితము

మూలము: 2005 మే 29, బ్రిటన్ సింగిల్స్ పట్టిక. 1. 'ఆక్సెల్ ఎఫ్', క్రేజీ ఫ్రాగ్. 2. 'స్పీడ్ ఆఫ్ సౌండ్', కోల్డ్‌ప్లే.

అవతారిక: రింగ్‌టోనులు కొనుక్కొను కాలమున ఒక కప్ప గాయకులనందరిని గెలిచిన వైనమును పట్టికాకారుడు చెప్పుచున్నాడు. మూలమున లేనిది వ్రాయనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకొనెను. ఈ టీకాకారుని ఇబ్బంది వేరు. మూలముననే ఏమియు లేదు.

ప్రతిపదార్థము: క్రేజీ ఫ్రాగ్ = హెల్మెట్టును గాగుల్సును ధరించి, లేని బండికి లేని హ్యాండిలు పట్టుకొని, గాలిలో స్వారీ చేయు కప్ప; ఆక్సెల్ ఎఫ్ = 1984 నాటి 'బెవర్లీ హిల్స్ కాప్' చిత్రమునకు హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్ కట్టిన, మాటలు లేని బాణీ; 1 = మిక్కిలి మంచిదని కాదు, ఆ వారము మిక్కిలి అమ్ముడుపోయినదని; 2 = పేరుప్రతిష్ఠలు గల బృందమునకు మిగిలిన చోటు.

తాత్పర్యము: స్వీడన్‌లో డానియల్ మాల్మెడాల్ అను కుర్రవాడు 1997లో మోపెడ్ ఇంజను చప్పుడును నోటితో చేసెను. లూనా నడిపినవారికి ఆ చప్పుడు వివరింప నక్కరలేదు. 2003లో ఎరిక్ వెర్న్‌క్విస్ట్ అను యానిమేటరు దానికొక రూపమిచ్చి, చిరాకు పుట్టించునదని అర్థము వచ్చు పేరు పెట్టెను. కప్ప యనుట పిమ్మట వచ్చిన కంపెనీవారి నామకరణము. జర్మనీలోని జంబా కంపెనీ దానిని రింగ్‌టోనుగా అమ్మి, టీవీలో ప్రకటనలు గుప్పించి, ఆ మీదట ఫాల్టర్‌మేయర్ బాణీపై ఎక్కింపగా పాటయ్యెను.

పూర్వపక్షము: బ్రిటన్ ప్రజల అభిరుచి చెడినదని పెద్దలందురు.

సిద్ధాంతము: అది సరి కాదు. కొన్నవారిని లెక్కించుటకు పట్టికలో గడి కలదు. వినలేక టీవీ కట్టివేసినవారిని లెక్కించుటకు లేదు. కావున ముచ్చటపడిన కొందరి కొనుగోలు, విసిగిన పదిమంది మౌనమును గెలుచును.

అలంకారము: అనుకరణకు అనుకరణము. చప్పుడు ఇంజనుది, గొంతు ఒకరిది, రూపము మరొకరిది, బాణీ వేరొకరిది. కవి ఎవరో తేలదు. అసలు బాణీ 1985లో ఇదే పట్టికలో 2 దగ్గర ఆగెను. కప్ప 1కి ఎక్కి నాలుగు వారములు దిగలేదు. ఇది శిష్యుడు గురువును మించుట కాదు, ప్రకటన పాటను మించుట.

రసము: పిల్లలకు హాస్యము, తల్లిదండ్రులకు రౌద్రము. ఒక్క టోను కొంటిమనుకొన్నవారికి చందా తగులుకొని ఫోను బ్యాలెన్సు కరిగెను. తుదకు 2005 సెప్టెంబరులో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ, అట్టి రింగ్‌టోను ప్రకటనలను రాత్రి 9 గంటలకు ముందు వేయరాదని తీర్పు చెప్పెను. అప్పటికి కప్ప చేయవలసిన పని చేసివేసినది.

ఫలశ్రుతి: ఈ టీకను శ్రద్ధగా చదివినవారు, ఏ పాటయైనను ఒకటో స్థానమున ఉన్నదని విన్నపుడు, ఎందరికి నచ్చినదని గాక, ఎవరు ఎంత ఖర్చుపెట్టి వినిపించిరని ముందుగా అడుగుదురు గాక.