పెట్టె బిగిసిన పద్యానికి టీకాతాత్పర్యములు

టీకలకు చెన్నపట్నం పాత అడ్డా. జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకూ వసుచరిత్రకూ బ్రౌను దొర టీక రాయించుకున్నాడు. 1854లో ఈ ఊళ్ళో మొదలైన వావిళ్ళ వారు కావ్యాలను తాత్పర్యాలతో సహా ఇంటింటికీ చేర్చారు. కావ్యకన్యకలకు దక్కిన ఆ మర్యాద, పడమటి మాంబళంలో టీవీ స్టాండు కింది అరలో కూర్చుని మాటిమాటికీ హ్యాంగయ్యే, ఇంటిల్లిపాదీ ఫైళ్ళు దాచుకునే నాస్ పెట్టెకు మాత్రం ఎందుకు దక్కకూడదు?

మూలము (ఆటవెలది)

పెట్టె బిగిసిపోయె పెండ్లిఫోటోలతో
నీలిదీప మొకటి నిలిచి వెలుగ
పీకి మరల పెట్ట పిలిచిన పలుకును
మరల రేపు చూడ మౌన మదియె

ప్రతిపదార్థము

పెండ్లిఫోటోలతో = పెండ్లి ఫోటోలతో కూడ (ఇది ఉపలక్షణము; బారసాల వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, తాతగారు తప్ప ఎవరును తెరవని ఘంటసాల పాటల ఫోల్డరు కూడ గ్రహించవలెను); పెట్టె = రెండు డిస్కులు కలదియు, ఇంటిల్లిపాది ఫోన్లకును టీవీకిని ఉమ్మడిదియు నగు నాస్; బిగిసిపోయెన్ = హ్యాంగయ్యెను; నీలిదీపము ఒకటి = ముందువైపు దీపము మాత్రము; నిలిచి వెలుగన్ = రెప్ప వేయక వెలుగుచుండగా; పీకి = ప్లగ్గును గోడనుండి ఊడలాగి; మరల పెట్టన్ = తిరిగి గ్రుచ్చగా; పిలిచినన్ పలుకును = ఫోల్డర్లు తెరచుకొనును; మరల రేపు చూడన్ = మరునాడు చూడగా; మౌనము అదియె = నిన్నటి మౌనమే.

తాత్పర్యము

"ఏమండీ, మీ పెట్టె మళ్ళీ హ్యాంగయింది."

విశేషములు

"బిగిసిపోయె" అన్న క్రియకు కర్త ఎవరు? వైఫై అని పూర్వపక్షం. ఎదురింటివారు, మేనల్లుడు, కేబులబ్బాయి ముగ్గురూ ఈ పక్షమే. ఇది నిలవదు. అదే వైఫై మీద టీవీలో సినిమా నడుస్తూనే ఉంది. పెట్టెకు పింగ్ కొడితే జవాబు కూడా వస్తుంది. ఫోల్డరు మాత్రం తెరుచుకోదు. అంటే గుమ్మంలో మనిషి పలుకుతున్నాడు, లోపలివాడే పలకడం లేదు.

సిద్ధాంతం ఇది: చాలాసార్లు కర్త లోపలి డిస్కుల్లో ఒకటి. ఎక్కడో ఒక సెక్టరు చదవడానికి రాక, డిస్కు దాన్నే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఉంటుంది. కంప్యూటరు కోసం చేసిన మామూలు డిస్కుకు పట్టుదల ఎక్కువ, ఒక్క సెక్టరు కోసం నిమిషం పైగా పోరాడగలదు. నాస్ కోసం చేసిన డిస్కయితే సుమారు 7 సెకన్లలో "నావల్ల కాదు" అనేస్తుంది. అప్పుడు పెట్టె ఆ ముక్కను రెండో డిస్కు నుంచి తెచ్చుకుని పని కానిస్తుంది. ఓటమి ఒప్పుకోవడమే ఇక్కడ అర్హత. చవకగా వచ్చిందని రిచీ స్ట్రీట్‌లో మొదటి రకం కొని బిగించిన ఇళ్ళలో ఈ పద్యం నిత్యపారాయణ.

నాస్ కోసమనే అమ్మిన డిస్కులూ అన్నీ పవిత్రం కావు. వాటిలో కొన్ని ఎస్ఎంఆర్ పద్ధతివని, ఆ సంగతి కొనేవాళ్ళకు చెప్పలేదని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ పద్ధతిలో ఒక ట్రాకు అంచు మీదికి ఇంకో ట్రాకు ఎక్కి ఉంటుంది. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. పెద్ద కాపీ హుషారుగా మొదలై, కాసేపటికి చతికిలబడేది అందుకే.

"నీలిదీపము": దీపానికి కరెంటుతోనే చుట్టరికం, డిస్కుతో లేదు. కారణమున్నా కార్యం కలగకపోవడం విశేషోక్తి కనుక ఇక్కడ అలంకారం అదే.

ఋతువు చెప్పకపోవడం కవి చేసిన లోపం. కత్తిరి వెయిలు అనే మండుటెండల కాలంలో మూసిన అరలో పెట్టిన పెట్టె, చాలా డిస్కులకు హద్దయిన 60 డిగ్రీల వైపు తేలిగ్గా నడుస్తుంది. పాతబడిన అడాప్టరునూ అనుమానించాలి. తిరగడం మొదలుపెట్టే క్షణాన ఒక్కో డిస్కు ఒకటిన్నర, రెండు ఆంపియర్లు లాగుతుంది. అంత ఇవ్వలేని అడాప్టరు దీపాన్ని మాత్రం చక్కగా వెలిగిస్తుంది.

"పీకి": ఈ పద్యానికి ప్రాణమంతా ఇక్కడే ఉంది. మూడో పాదం చికిత్స, నాలుగో పాదం విధి అని సామాన్య పాఠకుడు అనుకుంటాడు. అది కాదు. రెంటికీ హేతుహేతుమద్భావం. రాస్తుండగా ప్లగ్గు పీకితే రెండు డిస్కుల్లోనూ ఒకే మాట ఉందో లేదో పెట్టెకు తెలియదు. లేవగానే చాలాసార్లు మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి సరిచూసుకుంటుంది. ఆ సరిచూపులో పాడైన సెక్టరు మళ్ళీ ఎదురవుతుంది. అందుకే "మరల రేపు". పీకితే పలుకుతుంది కాబట్టి ఎవరూ కారణం వెతకరు. పలకడమే దీని అసలు రోగం.

"మీట నొక్కిపట్ట" అని పాఠాంతరం. కూత వినిపించేదాకా మీట నొక్కిపట్టి పద్ధతిగా ఆపడమని అర్థం. "పిలిచిన"తో యతి కుదరదు, కానీ డిస్కు బతుకుతుంది. బిగుసుకున్న పెట్టె ఒక్కోసారి మీటనూ ఖాతరు చేయదు. అప్పుడిక మూలపాఠమే గతి. లేచాక డిస్కు ఆరోగ్యపట్టికలో 5, 197 అంకెల వరుసలు చూడాలి. 197 దగ్గర సున్నా కాని సంఖ్య కనిపించి, వారానికి వారం పెరుగుతుంటే వ్యాఖ్యానం అక్కర్లేదు, కొత్త డిస్కు కావాలి.

"పెండ్లిఫోటోలతో": రెండు డిస్కులున్నాయి కదా, భయమేమిటని శంక. డిస్కుల జట్టు ఆలోచనకు రెయిడ్ అని పేరు పెట్టి 1988లో బర్క్లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రం, ఒక డిస్కు పోయినా పని ఆగకుండా చూసే ఉపాయం చెప్పింది. అంతవరకే. చెరిపేసిన ఫోల్డరు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. 2015 డిసెంబరులో అడయారు పొంగి కోట్టూరుపురం, సైదాపేట ఇళ్ళలోకి వచ్చినప్పుడు, నేలమీది పెట్టెలో రెండు డిస్కులున్నా నాలుగున్నా మునగడం ఒక్కటే. బ్రౌను ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళ నుంచి ప్రతులు తెప్పించేవాడు. ఒకే గూట్లో రెండుంటే చాలనుకోలేదు.

మీ ఇంటి పెట్టె కూడా ఈ పద్యం చదువుతుంటే, ఇప్పుడు పలుకుతున్న ఈ కాసేపట్లోనే ఫోటోలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, దాన్ని మీ వదినగారింట్లో దాచండి.