గీత గీసినవాడిదే గెలుపు

రెండేళ్లకోసారి ప్రతినిధుల సభలోని 435 మందినీ మూటాముల్లె సర్దించి ఇంటికి పంపగల శక్తి తమ ఓటరుకుందని అమెరికా నాయకులు లోకమంతా చాటుకుంటారు. శక్తి ఉన్న మాట నిజమే. దాన్ని వాడే అవసరం ఓటరుకు రాకుండా పార్టీలు ముందే ఏర్పాట్లు చేసి పెట్టాయి, అంతే తేడా. ఆ దేశ రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. ముఠాతత్వం కొంప ముంచుతుందని జార్జి వాషింగ్టన్ 1796లో పదవి దిగిపోబోతూ మరీ హెచ్చరించాడు. అంత జాగ్రత్తపరుల దేశంలో నియోజకవర్గాల హద్దులు గీసే పని మాత్రం చాలా రాష్ట్రాల్లో పార్టీల చేతిలోనే ఉంది. పదేళ్లకోసారి జనాభా లెక్కలు వస్తాయి. రాష్ట్ర శాసనసభలో మెజారిటీ ఉన్న పార్టీ మ్యాపు గీసి, దాన్ని బిల్లుగా పెట్టి, తానే ఓటేసి నెగ్గించుకుంటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ తినేవాడే గరిటె పట్టుకుని నిలబడ్డాడు. డీలిమిటేషన్ మీద మన దేశంలోనూ తగాదాలకు కొదవలేదు గానీ, ఆ పనిని సుప్రీంకోర్టు జడ్జి నేతృత్వంలోని కమిషన్‌కు అప్పగించే పాటి మొహమాటమైనా మనకు మిగిలింది.

ఈ విద్యకు రెండు శతాబ్దాలు దాటాయి. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పార్టీకి అనుకూలమైన సెనేట్ మ్యాపు మీద సంతకం పెట్టాడు. అందులో ఒక నియోజకవర్గం బల్లిలా వంకర్లు తిరిగిందని పత్రికలు కార్టూను వేసి నవ్వాయి. జనానికి కోపమొచ్చి ఆ ఏడాదే గెర్రీని ఓడించారు. అయితే ఆయన మ్యాపు ఓడలేదు. ప్రత్యర్థుల కంటే తక్కువ ఓట్లు వచ్చినా ఆయన పార్టీకి రాష్ట్ర సెనేట్‌లో 40కి 29 సీట్లు దక్కాయి. మరుసటి ఏడాది గెర్రీ దేశ ఉపాధ్యక్షుడయ్యాడు! ఇలాంటి శిక్ష పడుతుందంటే ఏ నాయకుడు మాత్రం వెనకాడతాడు?

పద్ధతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ఎదుటి పార్టీ ఓటర్లను ఒకే సీట్లో కుక్కెయ్యాలి, కుదరకపోతే నాలుగు ముక్కలు చేసి నాలుగు సీట్లలో చల్లెయ్యాలి. అప్పట్లో చేత్తో గీసేవారు, ఇప్పుడు కంప్యూటర్ వీధి వీధికీ లెక్క కట్టి గీస్తుంది. నార్త్ కరోలినాలో 2016లో గీసిన మ్యాపు చూడండి. గ్రీన్స్‌బొరో పట్టణంలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. 1960లో ఊల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని చరిత్ర మలుపు తిప్పిన నలుగురు కుర్రాళ్లు అక్కడి విద్యార్థులే. ఆ క్యాంపస్ మధ్యలో లారెల్ స్ట్రీట్ అని ఒక రోడ్డు. గీత సరిగ్గా దాని మీదుగా పోయింది. ఈ పక్కనున్నవాళ్లు 6వ నియోజకవర్గం, ఆ పక్కనున్నవాళ్లు 13వ నియోజకవర్గం. రెండు చోట్లా రిపబ్లికన్లే గెలిచారు. ఇదంతా చాటుమాటుగా కూడా జరగలేదు. 13 సీట్లలో 10 తమకు, 3 డెమొక్రాట్లకు వచ్చేలా గీద్దామని, 11 తెచ్చుకోవడం సాధ్యమని తోచలేదు గనుకే 10తో సరిపెడుతున్నానని మ్యాపు బాధ్యత చూసిన శాసనసభ్యుడు కమిటీలో బాహాటంగా ప్రకటించాడు. మన రాజకీయాల్లో ఇంతటి నిజాయితీ మహా అరుదు. రాష్ట్రంలో రెండు పార్టీల బలం దాదాపు సగం సగం. ఫలితం మాత్రం చెప్పింది చెప్పినట్టు 10, 3.

ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2019లో 5-4 తేడాతో కోర్టు తీర్పు చెప్పింది: పార్టీ ప్రయోజనం కోసం మ్యాపు గీయడం అన్యాయంగా కనిపించవచ్చు, ప్రజాస్వామ్యానికి పొసగకపోవచ్చు, కానీ అది ఫెడరల్ కోర్టులు తేల్చే సంగతి కాదు. రోగం ఉంది, మందు మా దగ్గర లేదన్నమాట. అదే తీర్పులో మేరీలాండ్ కేసు కూడా ఉంది, అక్కడ ముద్దాయిలు డెమొక్రాట్లు. ఇరవై ఏళ్లుగా రిపబ్లికన్ గెలుస్తున్న సీటును వాళ్లు 2011లో తిరగ్గీసి 2012లో ఎగరేసుకుపోయారు. దొందూ దొందేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సమర్థించేవాళ్ల మొదటి వాదన భూగోళం. డెమొక్రాట్లు నగరాల్లో గుంపుగా ఉంటారు, ఎలా గీసినా సీట్లు తగ్గుతాయి అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొట్టిపారేయకూడదు. గెర్రీగారి మసాచుసెట్స్‌లోనే నేడు మూడో వంతు మంది రిపబ్లికన్లకు ఓటేస్తారు, తొమ్మిది సీట్లూ డెమొక్రాట్లవే. వాళ్లు రాష్ట్రమంతా సమానంగా పరచుకుని ఉండటం అందుకు పెద్ద కారణం. మరి భూగోళమే అంత పని చేసిపెడుతుంటే పార్టీలు మ్యాపు నిపుణులకు అన్ని డబ్బులు పోసి పెట్టుకోవడం దేనికి? విస్కాన్సిన్‌లో 2018లో రాష్ట్రమంతా కలిసి డెమొక్రాట్ గవర్నర్‌ను గెలిపించింది. అదే రోజు, అదే ఓటర్లు, అసెంబ్లీలో 99కి 63 సీట్లు రిపబ్లికన్లకు. కొత్త గవర్నర్ కుర్చీలో కూర్చునేలోపే ఆ పార్టీ శాసనసభ ఆయన అధికారాలు కత్తిరించేసింది. ఇక మిషిగన్‌లో జనం పట్టుబట్టి 2018లో మ్యాపు పనిని పౌరుల కమిషన్‌కు ఇచ్చారు. 2022లో ఆ కొత్త మ్యాపుల మీద డెమొక్రాట్లు రెండు సభలూ గెలిచారు, అదీ 56-54, 20-18 తేడాతో. భూగోళం అక్కడా ఉంది, నగరాలూ అక్కడే ఉన్నాయి.

రెండో వాదన ఇప్పుడు బాగా చెలామణిలో ఉంది: వాళ్లు చేశారు కాబట్టి మేమూ చేశాం. 2025లో అధ్యక్షుడు ట్రంప్ కోరిక మీద టెక్సస్ రిపబ్లికన్లు జనాభా లెక్కల కోసం ఆగకుండానే అయిదు సీట్లు అదనంగా వచ్చేలా మ్యాపు మార్చారు. డాలస్ శివార్లలో అప్పుచేసి ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాడు గడప దాటకుండానే నియోజకవర్గం మారిపోవచ్చు. ప్రజాస్వామ్యాన్ని కాపాడుకోవడానికి అక్కడి డెమొక్రాట్ శాసనసభ్యులు సభకు కోరం లేకుండా చేసి పారిపోయారు. ఎక్కడికనుకున్నారు? ఇల్లినాయ్‌కి. 17 సీట్లలో 14 తమకే వచ్చేలా డెమొక్రాట్లు గీసుకున్న రాష్ట్రం అది, నలభై శాతానికి పైగా ఓటర్లు ట్రంప్‌కు ఓటేసినా సరే. ఆ వెంటనే కాలిఫోర్నియా తన స్వతంత్ర కమిషన్ గీసిన మ్యాపును పక్కన పెట్టి, నవంబరులో జనం ఓటుతోనే డెమొక్రాట్లకు మేలు చేసే మ్యాపు తెచ్చుకుంది. 2030 వరకే, ఆ తర్వాత మళ్లీ కమిషనే అని హామీ ఇచ్చారు. ఒంటరిగా ఆయుధం కింద పెడితే ఓడిపోతామన్న భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ లెక్కన రెండు పక్షాలకూ ఎదుటివాడి పాపమే శాశ్వత లైసెన్సు.

ఎవరూ ఆగలేరన్న మాట కూడా అబద్ధమని ఇండియానా చూపించింది. 2025 డిసెంబరులో అక్కడి సెనేట్‌లో కొత్త మ్యాపు 31-19తో ఓడింది. వద్దన్నవాళ్లలో 21 మంది రిపబ్లికన్లే. వైట్‌హౌస్ నుంచి ఒత్తిళ్లు వచ్చాయి. కాదన్నవాళ్ల మీద పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో పోటీదార్లను నిలబెడతామని అధ్యక్షుడు బెదిరించాడు. ఆ బెదిరింపును జాగ్రత్తగా చూడండి. నవంబరు ఎన్నికల్లో డెమొక్రాట్ల చేతిలో చిత్తవుతారని ఎవరూ వాళ్లను హెచ్చరించలేదు. ఆ భయం పెట్టగల సీట్లు ఎప్పుడో మ్యాపులోంచి మాయమయ్యాయి.