మేనేజరు గారు వృథాను పట్టుకున్నారు

ఏ ఫ్యాక్టరీలో వృథాను తగ్గించే లీన్ శిక్షణ జరిగిందో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్ళి ఉత్పత్తి లెక్కలు అడగనక్కర్లేదు. నేల చూస్తే చాలు. జీడిమెట్లలో చూడండి, పటాన్‌చెరులో చూడండి, గాజువాక ఆటోనగర్‌లో చూడండి. చెత్తబుట్ట చుట్టూ పసుపు టేపు, మంచినీళ్ళ డ్రమ్ము చుట్టూ పసుపు టేపు, ఇసుక బకెట్ల చుట్టూ పసుపు టేపు. మేనేజరు గారి బల్లమీద స్టేప్లర్‌కు కూడా ఒక గడి గీసి, గడిలో ‘స్టేప్లర్’ అని రాసి పెట్టారు. లేకపోతే ఎవరైనా దాన్ని లేత్ మిషన్ అనుకునే ప్రమాదం ఉంది.

దీన్ని ఫైవ్ ఎస్ అంటారు. అక్కర్లేనివి ఏరెయ్యడం, ఉన్నవాటిని సర్దుకోవడం, శుభ్రం చేసుకోవడం, అదే పద్ధతిని అందరికీ ఒకటిగా చెయ్యడం, దాన్ని వదలకుండా పాటించడం. జపాన్‌వాళ్ళు కనిపెట్టిన మంచి అలవాటే. అందులో భాగంగా గోడకో బోర్డు బిగించి, దానిమీద ప్రతి పనిముట్టు ఆకారమూ గీస్తారు. సుత్తి తీస్తే సుత్తి ఆకారం ఖాళీగా కనపడుతుంది, ఎవరో పట్టుకెళ్ళారని తెలుస్తుంది. మన దగ్గర బోర్డు బ్రహ్మాండంగా తయారైంది. రంగులు వేశారు, కంపెనీ లోగో అంటించారు, ఎండీ గారు రిబ్బన్ కత్తిరించారు. స్పానర్లు మాత్రం ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో స్టోర్స్ బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి స్టోర్ కీపర్ జేబులో ఉంది. స్టోర్ కీపర్ ఫైవ్ ఎస్ ఆడిట్‌లో ఉన్నాడు. అంతవరకూ ఫిట్టర్ బోర్డు ముందు నిలబడి స్పానర్ దర్శనం చేసుకోవచ్చు.

ఇంతటి జ్ఞానం ఎక్కడ దొరికిందంటారా? హోటల్ బాంకెట్ హాల్లో. లీన్ విద్యలో మొదటి పాఠం ‘గెంబా’కు వెళ్ళమని, అంటే పని జరిగే చోటుకు వెళ్ళి కళ్ళతో చూడమని. ఆ పాఠాన్ని పని జరిగే చోటుకు వీలైనంత దూరంగా, ఏసీ గదిలో, ప్రొజెక్టర్ మీద చూపిస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నిద్ర రాకుండా కాగితం విమానాల ఆట ఆడిస్తారు. మేనేజర్లు వరసగా కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో మడత పెడతారు. కట్టలు కట్టలుగా పక్కవాడికి తోస్తే ఆలస్యమవుతుందనీ, ఒక్కొక్కటిగా అందిస్తే పని సాఫీగా నడుస్తుందనీ రుజువవుతుంది. ప్లాంట్ హెడ్ మడిచిన విమానం ఎగరలేదు. క్వాలిటీ మేనేజర్ దాన్ని పాస్ చేశాడు. మొత్తం శిక్షణలో ఫ్యాక్టరీని ఉన్నదున్నట్టు చూపించిన ఘట్టం అదొక్కటే.

టయోటాలో ఈ లీన్ పద్ధతిని కూడదీసి నిలబెట్టిన తైయిచీ ఓనో శిక్షణ ఇచ్చే తీరు వేరు. షాప్ ఫ్లోర్ మీద సుద్దముక్కతో ఒక సున్నా చుట్టి, మేనేజర్‌ను అందులో నిలబడి చూడమనేవాడు. గంటల తరబడి. తర్వాత వచ్చి ఏం కనిపించిందని అడిగేవాడు. జవాబు తేలిపోతే ఇంకా నిలబడమనేవాడు. బఫే లేదు, సర్టిఫికెట్ లేదు, గ్రూప్ ఫొటో లేదు. ఖర్చు ఒక సుద్దముక్క. ఇంత చవగ్గా నేర్పితే కన్సల్టెంట్లు బతికేదెలా? అందుకని మనవాళ్ళు ఆ సున్నాను కూడా పసుపు టేపుతో శాశ్వతంగా వేయించారు. ప్లాంట్‌కు విజిటర్లు వచ్చినప్పుడు అందులో నిలబెట్టి సెల్ఫీలు తీయిస్తున్నారు.

వృథా ఏడు రకాలని ఓనో తేల్చాడు. అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూపులు, అనవసరపు రవాణా, అక్కర్లేని ప్రాసెసింగ్, పేరుకుపోయిన నిల్వలు, ఒళ్ళు అలిసే కదలికలు, లోపాలు. వీటన్నిటినీ కనేది మొదటిదే, అంటే అవసరానికి మించి తయారుచేయడమే అని ఆయన మొత్తుకున్నాడు. మన మేనేజరు గారు ఏడూ శ్రద్ధగా రాసుకుని వచ్చి, ఏడింటిలోకీ కదలికలను ఎంచుకున్నారు. ఎందుకంటే మిగిలిన ఆరింటినీ తవ్వుకుంటూ పోతే ఏదో ఒకచోట తన క్యాబిన్ తలుపు తగులుతుంది. కదలికలు మాత్రం నూటికి నూరుపాళ్ళు ఎదుటివాడి కాళ్ళలో ఉంటాయి. స్టాప్‌వాచ్ పట్టుకుని ఆపరేటర్ వెంట పడ్డారు. టీకి ఎన్ని అడుగులు, బాత్రూమ్‌కు ఎన్ని అడుగులు లెక్కకట్టి, నేలమీద అతను తిరిగిన దారులన్నీ కాగితం మీద గీసి ప్రదర్శించారు.

నెలాఖరు రాత్రి మాత్రం ఆ స్టాప్‌వాచ్ ఎవరికీ కనపడదు. ముప్ఫయ్యో తారీకు అర్ధరాత్రి లోపు బిల్లు కొట్టాలి, టార్గెట్ చూపించాలి. నెలంతా నత్తనడక నడిచిన ప్లాంట్ చివరి నాలుగు రోజులు పూనకంతో ఊగుతుంది. డబుల్ షిఫ్టులు, ఓటీలు, కస్టమర్ అడగని సరుకు కూడా లారీ ఎక్కించి ‘డిస్పాచ్’ అనిపించుకోవడం. మరుసటి నెల మొదటి వారంలో అదే సరుకు రిజెక్షన్ ముద్ర వేయించుకుని తిరిగొస్తుంది. అవసరానికి మించి తయారుచేయడం, రవాణా, నిల్వ, లోపం, నాలుగు వృథాలూ ఒకే లారీలో. ఆ లారీని పంపించినందుకు మేనేజరు గారికి ఇన్సెంటివ్.

ఇక ఎదురుచూపులు. సీఎన్‌సీ మిషన్ మీద ఇన్సర్ట్ అరిగిపోయింది. వేలెడంత లేని ముక్క. దానికి ఇండెంట్ పెట్టాలి, సెక్షన్ ఇన్‌చార్జి సంతకం, పర్చేజ్ సంతకం, ఫైనాన్స్ సంతకం, పైన ప్లాంట్ హెడ్ సంతకం. ప్లాంట్ హెడ్ గారు మీటింగ్‌లో ఉన్నారు. మీటింగ్ అజెండా: ఎదురుచూపులు తగ్గించడం ఎలా? కింద మిషన్ దగ్గర ఇలా నడుస్తోంది:

“ఇన్సర్ట్ రాలే సార్. ఏం జెయ్యమంటరు?”

“ఖాళీగ నిలబడకు. వృథా కింద రాస్తరు. మిషన్ తుడుస్తుండు.”

“పొద్దుగాల్నుంచి తుడుస్తనే ఉన్న సార్.”

“మంచిదే కదా. ఫైవ్ ఎస్‌ల మనకే ఫస్ట్ ప్రైజ్.”

డై మార్చే కథ కూడా ఇంతే. టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కు డై మార్చాలంటే నాలుగు గంటలు పట్టేది. షిగెయో షింగో అనే ఇంజనీరు దాన్ని ముందు గంటన్నరకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు దించాడు. మిషన్ ఆపితేనే చెయ్యగలిగే పనులేవో, నడుస్తుండగానే ముందుగా సిద్ధం చేసుకోదగ్గవేవో విడదీయడమే అందులోని కిటుకు. మన ఆపరేటర్లు తక్కువేం తినలేదు, గంటన్నర పనిని పావుగంటకు తెచ్చారు. వీడియో తీసి హెడాఫీసుకు పంపారు. వీడియోలో లేనిదేమిటంటే, డై ఎక్కాక మొదటి పీసును ఓకే చేసే ఇన్‌స్పెక్టర్ కోసం ఆ ప్రెస్ రెండు గంటలు నోరు తెరుచుకుని కూర్చుంది.

ఇవన్నీ పైపై ముచ్చట్లు. అసలు విషయం తాడులో ఉంది.

టయోటా కార్ల కంపెనీ స్థాపకుడి తండ్రి సాకిచీ తొయోదా 1924లో తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గానికి ఒక గుణం ఉండేది. పోగు తెగితే దానంతట అదే ఆగేది. తప్పు బట్ట మూరలకు మూరలు నేసుకుపోయేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినవాళ్ళకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు. ఆ గుణాన్నే తర్వాత కార్ల లైనుకు తెచ్చారు. లైను పొడవునా తాడు కట్టి, లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చన్నారు. లాగితే టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. అప్పటికీ చక్కబడకపోతే లైను ఆగుతుంది. నిమిషానికి ఇంత అని లెక్కకట్టే లైనును, అట్టడుగున ఉన్న మనిషి చేతికి అప్పగించారన్నమాట. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంట్ ఒకటి ఉండేది. తాగుడు, గైర్హాజరు, గొడవలతో పేరు చెడగొట్టుకుని 1982లో మూతపడింది. 1984లో టయోటా దాన్ని జీఎంతో కలిసి న్యూమీ పేరుతో మళ్ళీ తెరిచి, ఎక్కువగా ఆ పాతవాళ్ళనే పనిలోకి తీసుకుంది. అదే యూనియన్, వాళ్ళే మనుషులు. తాడు చేతికిచ్చారు. కొద్దికాలానికే నాణ్యతలో ఆ ప్లాంట్ అమెరికాలో చెప్పుకోదగ్గదైంది. అంటే పాడైంది కార్మికులు కాదని లెక్క తేలింది. ఈ స్లైడ్‌ను శిక్షణలో ఎందుకో చాలా వేగంగా తిప్పేస్తారు.

మన లైన్లకూ ఆండన్ అనే హెచ్చరిక దీపాలు వచ్చాయి. పచ్చ, పసుపు, ఎరుపు. పక్కనే, తాడుకు బదులు, ఎర్ర బటన్. ఒక కుర్రాడు శిక్షణ మాటలు నిజమనుకుని బటన్ నొక్కాడు. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ప్రతి సమస్యకూ ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగాలని ఆయనకూ నేర్పారు కదా, అడిగాడు. ఎందుకు నొక్కావ్? ఇప్పుడే ఎందుకు నొక్కావ్? నాకు చెప్పకుండా ఎందుకు నొక్కావ్? ఇంతమందిలో నువ్వే ఎందుకు నొక్కావ్? అసలు నిన్ను పనిలో ఎందుకు పెట్టుకున్నాం? మూలకారణం దొరికింది. ఆ రోజు నుంచి ఆ లైను ఒక్కసారి కూడా ఆగలేదు. దీపం ఎప్పుడూ పచ్చగానే వెలుగుతోంది. రిజెక్షన్ల గుట్ట షెడ్డు వెనక పెరుగుతోంది.

సలహాల పెట్టె గురించి కూడా ఒక మాట చెప్పాలి. నలుగురు చేసే పనిని ముగ్గురు ఎలా చెయ్యవచ్చో కార్మికులే చెప్పాలట, బహుమతిగా టిఫిన్ బాక్సు ఇస్తారట. ఒకడు చెప్పాడు. టిఫిన్ బాక్సు ఇచ్చారు. మరుసటి నెల ఆ నాలుగో మనిషిని, కాంట్రాక్ట్ లేబర్ కాబట్టి కాగితం కూడా రాయనక్కర్లేకుండా, గేటు బయటే ఆపేశారు. ఇప్పుడా పెట్టెలో చాక్లెట్ రేపర్లు తప్ప ఏమీ పడటం లేదు. ‘మన వర్కర్లకు చొరవ తక్కువ’ అని మేనేజరు గారు తర్వాతి శిక్షణలో వాపోయారు. అక్కడ మనుషుల్ని తీసేయడం ఇంత తేలిక కాలేదు. 1950లో టయోటా అప్పుల్లో మునిగి మనుషుల్ని తీసేయాల్సి వచ్చినప్పుడు పెద్ద సమ్మె జరిగింది. కంపెనీని స్థాపించిన కీచీరో తొయోదా ఆ ఏడాదే అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. న్యూమీలోనూ 1980ల చివర అమ్మకాలు పడిపోతే, మాట ఇచ్చాం కాబట్టి ఎవరినీ ఇంటికి పంపకుండా శిక్షణలకూ మరమ్మతులకూ పెట్టారు. కీచీరోలా కుర్చీ దిగే పద్ధతి మీద వర్క్‌షాప్ ఏ కన్సల్టెంటూ పెట్టినట్టు లేదు.

అలాగని టయోటా వైకుంఠం ఏమీ కాదు. సతోషి కమాతా అనే జర్నలిస్టు 1970ల మొదట్లో అక్కడ సీజనల్ కార్మికుడిగా చేరి, లైను వేగం మనిషిని ఎలా పిండేస్తుందో పుస్తకమే రాశాడు. బెంగళూరు దగ్గర్లోని బిడదిలో 2020 నవంబరులో పనిభారం గొడవ ముదిరి, కార్మికులు బైఠాయిస్తే టయోటా కిర్లోస్కర్ లాకౌట్ ప్రకటించింది. తాడు ఎంత పొడవున్నా ఎక్కడో ఒకచోట ముడి ఉంటుంది. కానీ మనవాళ్ళు ముడిని మాత్రం దిగుమతి చేసుకుని తాడును అక్కడే వదిలేసి వచ్చారు.

చివరగా నిల్వలు. సరుకు కావలసిన క్షణానికే రావాలి, గోడౌన్‌లో పడి ఉండకూడదు, దానికి జస్ట్ ఇన్ టైమ్ అని పేరు. మేనేజరు గారు మూడు నెలల్లో గోడౌన్ ఖాళీ చేసి చూపించారు. శభాష్. సరుకు ఎక్కడికి పోయింది? బాలానగర్‌లో చిన్న షెడ్డు వేసుకుని, రెండు లేత్‌లతో వీళ్ళకు పార్టులు చేసిచ్చే సప్లయర్ దగ్గరికి. పదిహేను రోజుల స్టాక్ అతనే తన అప్పుతో ఉంచుకోవాలి, ఫోన్ చేసిన రెండు గంటల్లో పంపాలి, ఆలస్యమైతే పెనాల్టీ కట్టాలి. అత్త సొమ్ము అల్లుడు దానం. సరుకు క్షణాల మీద రావాలి గానీ డబ్బుకు ఆ తొందర లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. గడువులో చెల్లించని మొత్తాన్ని, చెల్లించేదాకా ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదని ఆదాయపు పన్ను చట్టంలోనూ మెలిక పెట్టారు. ఫిర్యాదుకు సమాధాన్ అనే పోర్టల్ పెట్టారు. ఫిర్యాదు చేశాక తర్వాతి పర్చేజ్ ఆర్డర్ ఎవరిస్తారనే ప్రశ్నకు ఆ పోర్టల్‌లో సమాధానం లేదు.

అయినా ఆ సప్లయర్‌ను ప్రభుత్వం మరిచిపోలేదు. చిన్న యూనిట్లు కూడా లీన్ నేర్చుకోవాలని 2023 మార్చిలో కేంద్రం కొత్త పథకం తెచ్చింది. అమలుకయ్యే ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. అతనూ చేరాడు. కన్సల్టెంట్ షెడ్డుకు వచ్చాడు, ఎర్ర ట్యాగుల కట్ట విప్పాడు. చాలాకాలంగా కదలకుండా పడి ఉన్న ప్రతిదానికీ ఒక ట్యాగు కట్టాలి, గడువులోగా వాడకంలోకి రాకపోతే పారెయ్యాలి, అది నియమం.

“ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ రోజులుగా కదలకుండా ఉన్నదేంటండీ?”

సప్లయర్ బల్ల సొరుగులోంచి, ఆ పెద్ద కంపెనీ ఇంకా డబ్బు కట్టని బిల్లుల ఫైలు తీసి ముందు పెట్టాడు. కన్సల్టెంట్ పేజీలు తిప్పాడు, తారీకులు చూశాడు, దానికీ ఓ ఎర్ర ట్యాగు కట్టి నెలరోజులు గడువిచ్చాడు.