స్వయంభూ క్లబ్బు

అమెరికా సర్కారు హైస్కూళ్లలో ఏటా బళ్లు తెరవగానే ఒక మహిమ జరుగుతుంది. ఎవరూ చెక్కకుండా, ఎవరూ ప్రతిష్ఠించకుండా క్రైస్తవ విద్యార్థి క్లబ్బులు వాటంతటవే వెలుస్తాయి. అన్నీ స్వయంభువులే. కాకపోతే వెలిసిన ప్రతిచోటా ఒకే రకం టీషర్టు, ఒకే రకం పోస్టరు, మొదటి వారం ఒకే పాఠం. అదెలా కుదిరిందని అడిగితే అపచారం.

అలా వెలవకపోతే చట్టం ఒప్పుకోదు. 1984లో రీగన్ సంతకం పెట్టిన ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ ప్రకారం, ఫెడరల్ సొమ్ము తీసుకునే హైస్కూలు పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకు గది ఇచ్చినా, మతం పేరు చెప్పి ఇంకో క్లబ్బును గెంటెయ్యకూడదు. షరతులేమిటంటే, క్లబ్బు పిల్లలంతట పిల్లలే పెట్టుకోవాలి. మతం క్లబ్బులో టీచరు ఉండొచ్చు గానీ పాలుపంచుకోకూడదు. బయటివాళ్లు దాన్ని నడపకూడదు, తరచుగా రాకూడదు.

నెబ్రాస్కాలోని ఒమాహాలో బ్రిజెట్ మెర్గెన్స్ అనే అమ్మాయి 1985లో క్రైస్తవ క్లబ్బు పెట్టుకుంటానంది. ఆ బడిలో చదరంగం క్లబ్బుంది, స్కూబా డైవింగు క్లబ్బుంది (సముద్రం లేని నెబ్రాస్కాలో!), దీనికి మాత్రం కుదరదన్నారు. సుప్రీంకోర్టు 1990లో ఎనిమిది మంది జడ్జీల మాటగా ఆ పిల్ల పక్షాన తీర్పు చెప్పింది. న్యాయమైన తీర్పు. అడిగింది ఆమె, వద్దనిపించుకున్నదీ ఆమే.

ఆమె కష్టపడి తెరిపించిన తలుపులోంచి ఇప్పుడు దూరుతున్నది చేతిపుస్తకాలు. క్లబ్బు ఎలా పెట్టాలి, ఎలా నిలబెట్టాలి అని పెద్దలు రాసి, పెద్దలు అచ్చువేసి, పిల్లల చేతిలో పెట్టే పుస్తకాలు. నాయకుడివి నువ్వేనని చెప్పి, ప్రిన్సిపాల్ దగ్గర ఏ మాట అనాలో కూడా వాళ్లే నేర్పుతారు. ఎవరు ప్రార్థన చేయాలి, ఏ ఆట ముందు, ఏ సాక్ష్యం తర్వాత, చివర్లో కార్డులు ఎవరు పంచాలి, అంతా అందులోనే. పిల్లాడు సొంతంగా చేయాల్సింది సంతకం. ఇక తరచుగా రాకూడదన్న షరతుకు లెక్కల మాస్టారి దగ్గరే విరుగుడుంది: నెలకు నాలుగు గురువారాలు, ఊళ్లో నాలుగు చర్చిలు. ఒక్కో యూత్ పాస్టరు నెలకోసారే అతిథిగా వస్తే, ఎవరూ తరచుగా వచ్చినట్టు కాదు, ఏ వారమూ పాస్టరు లేకుండా పోయినట్టూ కాదు.

నిలబెట్టడానికి పిజ్జా. ఉజ్జీవం ఎంత వచ్చిందో ఖాళీ అట్టపెట్టెలు లెక్కపెట్టి చెప్పేయొచ్చు. పిజ్జా లేని వారం ఇద్దరే కూర్చుని వాక్యం చదువుకుంటే నా లెక్కలో అదే క్లబ్బు, నివేదికలో మాత్రం అది వైఫల్యం. మే నెలలో సీనియర్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోగానే క్లబ్బు కూలుతుంది, ఆగస్టులో జీర్ణోద్ధరణ మొదలవుతుంది. ఈలోగా కాలేజీ దరఖాస్తులో ‘ఫౌండర్ అండ్ ప్రెసిడెంట్’ అని పడిపోయి ఉంటుంది. ఆ రెండు మాటల ఖరీదు డాలస్‌లోని మన తెలుగు అమ్మానాన్నలకు నేను చెప్పక్కర్లేదు.

ఇంత హంగామా ఎందుకంటే, 1962లో దేవుణ్ణి బడిలోంచి వెళ్లగొట్టారట, తిరిగి తీసుకురావాలట. ఆ ఏడాది ఎంగెల్ కేసులో కోర్టు ఆపింది న్యూయార్క్ రాష్ట్ర అధికారులు కూర్చుని రాసిన 22 మాటల ప్రార్థనని. పరీక్ష ముందు పిల్లాడు కళ్లు మూసుకుని తన మాటల్లో తాను వేడుకోవడాన్ని ఎవరూ ఆపలేదు. పెద్దలు రాసిచ్చిన ప్రార్థన వద్దంటే, పెద్దలు రాసిచ్చిన క్లబ్బుతో వచ్చారన్నమాట.

పిల్లలు నిజంగా తమంతట తాము అడిగితే ఏమవుతుందో సాల్ట్ లేక్ సిటీలో తేలింది. ఈస్ట్ హైస్కూలు విద్యార్థులు ఇదే చట్టం కింద స్వలింగ ప్రియులైన పిల్లలకూ వాళ్ల స్నేహితులకూ ఒక క్లబ్బు కావాలన్నారు. కాదనే దారి చట్టంలో లేదు. దాంతో 1996లో స్కూలు బోర్డు పాఠాలతో సంబంధం లేని క్లబ్బులన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేసింది. వద్దనుకున్న ఒక్క క్లబ్బు కోసం మిగతావన్నీ బలి. పిల్లలు తరగతులు వదిలేసి రాష్ట్ర కాపిటల్‌కి ఊరేగింపుగా వెళ్లారు. బోర్డు మనసు మార్చుకుని తలుపులు మళ్లీ తెరిచేసరికి 2000 వచ్చింది.